ఆయిల్ తాగని బండి

రిటైరైనవాడు కనిపిస్తే సలహా ఉచితమని జనానికి గట్టి నమ్మకం. శ్రీకాకుళంలో మా వీధిలో పికప్ బండి కొనాలనుకున్నవాళ్లంతా షోరూముకి వెళ్లేముందు మా ఇంటికి వస్తారు. "సార్, డీజిల్ మంచిదా, పెట్రోల్‌తో గ్యాసు కూడా ఉన్నది మంచిదా? ఏ ఇంజన్ ఎక్కువ కాలం మన్నుతుంది?" అంటారు. బండితో ఏం చేస్తావని అడుగుతాను. లోడు వేస్తానంటారు. లోడు లేనప్పుడు బండి ఏం చేస్తుందని అడుగుతాను. అక్కడితో పెద్దాయనకి చాదస్తం మొదలైందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. ఆ రెండో ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు తర్వాత, నిండా పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకి పనికొస్తుందని చెబుతున్నాను.

నా ఉద్యోగం బండ్లు పాడుచేయడం. నిజంగానే. బండి మార్కెట్లోకి రాకముందే దాన్ని ఎన్ని రకాలుగా పాడుచేయవచ్చో అన్ని రకాలుగా పాడుచేసి, ఏది ముందు విరిగిందో రాసి పంపడం. ఇంజన్‌ని బెంచి మీద కట్టి రోజుల తరబడి ఫుల్ లోడుతో తిప్పేవాళ్లం. గోతుల రోడ్డు మీద డ్రైవర్ల నడుములు విరిగేదాకా నడిపేవాళ్లం. ఉప్పునీళ్లతో స్నానం చేయించేవాళ్లం. మా ఆవిడ పుట్టింటివాళ్లు అల్లుడేం చేస్తాడని అడిగితే ఆవిడ "కొత్త బండ్లు చెడగొడతారు, దానికి జీతం ఇస్తారు" అని చెప్పేది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

రిటైర్‌మెంటుకి ఇంకో ఏడాది ఉందనగా ఒక కొత్త పికప్ తయారైంది. దానికి రెండు ఇంజన్లు పోటీ. ఒకటి చిన్న డీజిల్. కొత్త పొగ నిబంధనల ప్రకారం దాని సైలెన్సర్ దారిలో ఒక ఫిల్టర్ పెట్టారు. పొగలోని మసి అందులో ఆగుతుంది. బండి హైవే మీద కాసేపు ఒకే వేగంతో పోతే ఆ ఫిల్టర్ వేడెక్కి మసి దానంతటదే కాలిపోతుంది. అందుకోసం ఇంజన్ కాస్త డీజిల్ అదనంగా చల్లుతుంది. రెండోది పెట్రోల్-గ్యాసు ఇంజన్. లాగుడు కొంచెం తక్కువ, గొడవలూ తక్కువే. బెంచి మీద డీజిల్ దున్నపోతులా నిలబడింది. ఇక మిగిలింది నిజమైన జనం చేతిలో పెట్టి చూడటం. ఉప్పుగాలి తగిలే చోటు కావాలన్నారు. "మీ భాష మాట్లాడేవాళ్ల దగ్గరికే కదా, మీరే వెళ్లండి" అని నన్ను మా జిల్లాకే పంపారు. భాష వచ్చినంత మాత్రాన మనుషులు అర్థమవుతారని మా ఆఫీసు నమ్మకం. నాకూ అదే నమ్మకం ఉండేది.

గ్యాసు బండిని నౌపడ ఉప్పు మళ్ల దగ్గర ఉప్పు తోలే ఆయనకి ఇచ్చాం. దాని కథ అంతే, చెప్పడానికేమీ జరగలేదు. డీజిల్ బండిని అక్కడికి దగ్గర్లో ఒక తీరపల్లెలో చేపల వ్యాపారం చేసే ఆవిడకి ఇచ్చాం. ఒడ్డు మీద అందరూ ఆవిణ్ణి అప్ప అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. యాభై ఏళ్ల మనిషి. నావలు ఒడ్డుకి రాగానే చేపలు వేలం పాడి, ఐసు ఫ్యాక్టరీకి పంపి, అక్కణ్నుంచి బజారుకి చేరవేస్తుంది. బండి నడిపేది ఆవిడ మరిది. నలభై దాటిన మనిషి, స్టీరింగ్ తప్ప మరో లోకం తెలియదు.

తాళం అందుకుంటూ అప్ప అనుమానంగా అడిగింది.

"ఊరికినే బండి ఎందుకిస్తన్నావు బాబూ? ఏటి సెయ్యమంటావు దీంతోటి?"

"మీ ఇష్టం వచ్చినట్టు వాడండి. పాడైతే ఇంకా మంచిది."

"పాడు సెయ్యడానికైతే మా మరిది ఒక్కడు సాలు" అంది. అతను సిగ్గుపడి నవ్వాడు. ఒడ్డు మీదవాళ్లంతా నవ్వారు.

ట్రయల్ ఆరు నెలలు. నాతోపాటు విజయనగరం అమ్మాయి ఒకామె ఇంజనీరు, చేరి మూడేళ్లయింది. ప్రతి సోమవారం ఇద్దరం శ్రీకాకుళంలో టిఫిన్ చేసి, పదకొండు గంటలకి పల్లె చేరేవాళ్లం. అప్పటికి బండి కడిగి, బొట్లు పెట్టి, పాక కింద పెళ్లికొడుకులా నిలబెట్టి ఉండేది. నేను కిలోమీటర్లు రాసుకునేవాణ్ణి. టైర్లు చూసేవాణ్ణి. డ్రైవర్ని అడిగి ఆయిల్ ఎంత పోశాడో రాసుకునేవాణ్ణి.

"ఒక్క సుక్క ఎయ్యలేదు సారూ. ఇది ఆయిల్ తాగే రకం కాదు" అనేవాడు ప్రతివారం.

కొత్త ఇంజన్ కాస్తయినా ఆయిల్ తాగుతుంది. మూడు నెలలైనా చుక్క తాగని ఇంజన్ నా సర్వీసులో చూడలేదు. ఆయిల్ వాడకం సున్నా అని పంపాను. హెడ్డాఫీసులో పండగ చేసుకున్నారు. పెద్ద మీటింగులో ఆ సున్నాని తెర మీద చూపించారట. నాకు అభినందనల మెయిల్ వచ్చింది. దాన్ని ప్రింటు తీయించుకున్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గాని, తీయించుకున్నాను.

ఒక సోమవారం మా ఇంజనీరు అమ్మాయి ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి చూసింది.

"సార్, పోయిన నెల కంటే ఎక్కువుంది. పై గీత దాటింది."

"బండి ఏటవాలుగా నిలబెట్టి ఉంటారమ్మా."

"నేల సమంగానే ఉంది సార్."

"ముప్ఫై మూడేళ్లుగా చూస్తున్నాను, ఆయిల్ తగ్గుతుంది గాని పెరగదు" అని కడ్డీ తీసుకుని లోపల పెట్టేశాను. పిల్లలూ, మీ పైవాడు సంవత్సరాల లెక్క చెప్పాడంటే జవాబు లేదని అర్థం. ఆ రోజు నేను కడ్డీకి అంటిన ఆయిల్ ముక్కు దగ్గర పెట్టుకుని ఉంటే సరిపోయేది. ఆయిల్ మార్చే కిలోమీటర్లు ఇంకా రాలేదు కాబట్టి ల్యాబుకి శాంపిలూ పంపలేదు.

డ్యాష్‌బోర్డు మీద వెలిగిన ఒక పసుపు రంగు దీపానికి కుంకం బొట్టు ఉండటం కూడా చూశాను. భక్తి అనుకున్నాను. ఫోటో కూడా తీశాను, ఆఫీసులో చూపించి నవ్వుకోవడానికి.

అయిదో నెలలో అప్ప ఫోన్ చేసింది. "రేపు పెద్ద సేపలు పడతాయంతన్నారు. ఎప్పుడూ కడిగిన బండినే సూస్తావు. ఒక్కపాలి పని సేసే బండిని సూడు" అంది. మాటలో కాస్త ఎత్తిపొడుపు ఉంది. మర్నాడు తెల్లారేసరికి ఇద్దరం ఒడ్డు మీద ఉన్నాం.

బండిని వెనక్కి నడిపి, కొబ్బరి మట్టలు పరిచిన ఇసుక మీద, నీళ్లకి బాగా దగ్గర్లో నిలబెట్టారు. ఇంజన్ స్టార్టింగ్‌లోనే ఉంది. డ్రైవర్ దిగి బీడీ కాల్చుకుంటున్నాడు. నావలు ఇంకా దూరంగా చుక్కల్లా ఉన్నాయి. ఆపుతాడేమోనని చూశాను. గంట గడిచింది. అలాగే గుడగుడమంటోంది.

"ఇంజన్ ఆపవా?" అన్నాను.

అతను నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "ఇసక మీద ఇంజన్ ఆపుతారేటి సారూ? ఆపినాక మళ్లీ అందుకోకపోతే? పోటు ఎక్కీసిందంటే బండి గంగమ్మకే. మా సిన్నాయిన జీపు అలాగే పోనాది."

"రోజూ ఇంతేనా? ఎంతసేపు?"

"నావలు బేగి వస్తే రెండు గంటలు. లేకపోతే నాలుగు, ఒక్కోపాలి అయిదు."

"మరి ఇన్ని నెలలుగా నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగినావు? ఎన్ని కిలోమీటర్లంతావు, రాసుకుంతావు, ఎలిపోతావు."

నా కాళ్ల కింద ఇసుక కదిలినట్టయింది. మీటరు మీద తిరిగింది తక్కువ. ఇంజన్ పనిచేసిన గంటలు మాత్రం దానికి ఎన్నో రెట్లు. అది కూడా ఇలా నిలబడే. ఫిల్టర్ వేడెక్కే అవకాశమే లేదు. ఒడ్డు నుంచి ఐసు ఫ్యాక్టరీకి పోయే ఆ నాలుగడుగుల దారిలో మసి కాల్చడం మొదలుపెడుతుంది, సగంలో ఆగిపోతుంది. కాల్చడానికి చల్లిన డీజిల్ ఎక్కడికి పోతుంది? సిలిండర్ గోడల వెంబడి కిందికి, ఆయిల్లోకి.

"ఆయిల్ చూద్దాం. ఒక్కసారి ఆపు" అన్నాను.

"ఆపను" అన్నాడు. అంతలో నావలు వచ్చేశాయి, నన్ను పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. వేలంపాట అయింది, ట్రేలు ఎక్కాయి, మీద ఐసు పోసి తడి గోనెలు కప్పారు. స్టీరింగ్ ఎక్కుతూ అతను గర్వంగా నాతో అన్నాడు.

"ఆయిల్‌కి భయపడకు సారూ. తగ్గడం కాదు, నెలనెలా పెరుగుతన్నాది. లచ్చిమి బండి ఇది. ఆ పసుప్పచ్చ దీపం ఎలిగిన కాణ్నుంచీ పెరుగుతన్నాది. అందుకే దానికి బొట్టెట్టినాను."

వద్దు, కదపకు అని నేను అరిచేలోపే ఇసుక ఎక్కడానికి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాడు.

ఇంజన్ అరిచింది. అతను కాలు తీసేశాడు. అరుపు తగ్గలేదు, పెరిగింది. వెనక నుంచి తెల్లటి పొగ లేచి ఒడ్డంతా కమ్మేసింది. కిటికీలోంచి అతని చెయ్యి బయటికి వచ్చింది, అందులో తాళం.

"తీసీసాను సారూ, ఆగలేదు. తాళం నా సేతిలో ఉన్నాది, ఆగలేదు."

పల్చబడి పొంగిన ఆయిల్ గాలి దారిలోకి ఎక్కింది. ఇక ట్యాంకులోని డీజిల్‌తో ఇంజన్‌కి పని లేదు. సున్నా వాడకం అని నేను సర్టిఫికెట్ ఇచ్చిన ఇంజన్ తన ఆయిల్ తనే గటగటా తాగుతోంది. ఇలాంటప్పుడు అది ముక్కలైనా కావాలి, లేదా ఊపిరాడకుండా చేయాలి. టాప్ గేర్లో వేసి బ్రేకు తొక్కమందామంటే ఇసుకలో చక్రాలు జారతాయి, చుట్టూ జనం. అతణ్ణి దూకెయ్యమన్నాను. మా అమ్మాయి బానెట్ ఎత్తింది. నేను "గోనె, తడి గోనె" అని అరిచాను. అప్ప ఎందుకని అడగలేదు. చేపల మీది గోనె లాగి నా మొహాన కొట్టినట్టు విసిరింది. గాలి లోపలికి పోయే గొట్టం నోట్లో దాన్ని కుక్కి రెండు చేతులతో అదిమాను. గోనె లోపలికి లాక్కుంది. ఇంజన్ రెండుసార్లు దగ్గి, బండంతా ఊగి, ఆగిపోయింది.

సముద్రం హోరు అప్పుడు వినపడింది. నా చేతుల నిండా చేపల వాసన. అప్ప మాత్రం అప్పటికే ఆటోలు పిలిచి ట్రేలు మార్పించేస్తోంది. "నిలబడి సూస్తారేటి, ఐసు కరిగిపోతన్నాది" అని అందరినీ తిడుతోంది. ట్రాక్టరుతో బండిని పైకి లాగారు. కడ్డీ తీసి వాసన చూశాను. పెట్రోల్ బంకులో నిలబడ్డట్టుంది.

ఇంతవరకూ బండి గొడవ. అసలు గొడవ ఆ మధ్యాహ్నం మొదలైంది. డ్రైవర్ ఇంటి గోడకి ఆనుకుని కూర్చుని తల ఎత్తలేదు. కంపెనీ బండిని కాల్చేశాడని ఒడ్డంతా పాకిపోయింది. అతను ఖాళీ రోజుల్లో నడిపే రెండు వ్యాన్ల వాళ్లు సాయంత్రానికి తాళాలు వెనక్కి అడిగి పట్టుకుపోయారు. అప్ప నన్ను పక్కకి పిలిచింది.

"బాబూ, పాడు సెయ్యడానికి మా మరిది సాలని ఆవేళ నవ్వులాటకన్నాను. నువ్వు కాయితంలో అదే రాసీకు. స్టీరింగు పోతే ఆడికి మరి బతుకు లేదు."

నేను చూస్తానన్నాను. చూస్తాననేది ఆఫీసు మాట. ఆవిడకి ఆ తేడా తెలుసు.

మా పై అధికారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశాడు. "హెచ్చరిక దీపం మీద బొట్టు పెట్టాడన్నారు కదా, ఫోటో ఉందా?"

"ఉంది."

"ఇంకేం కావాలండీ? వాడకంలో తప్పు అని రాసేయండి. డీజిల్ గట్టెక్కుతుంది, మీ సున్నా కూడా నిలబడుతుంది. నెలల్లో రిటైరవుతున్నారు, హాయిగా వెళ్లండి."

చెడ్డవాడు కాదు ఆయన. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నేనూ మర్నాడు కూర్చుని అలాగే రాశాను. అబద్ధమెందుకు, రాస్తున్నప్పుడు చాలా సుఖంగా ఉంది. ప్రతి వాక్యమూ నిజమే. దీపం వెలిగిన మాట నిజం, పట్టించుకోని మాట నిజం, ఫోటో నిజం. టైపు చేస్తున్న మా అమ్మాయి ఒకచోట ఆగింది.

"సార్, ఇక్కడ 'మేము చెప్పిన వాడకానికి విరుద్ధంగా' అని ఉంది. మనం ఏ వాడకం చెప్పాం సార్?"

"మాన్యువల్లో ఉంటుంది కదమ్మా."

"మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది. బండి ఇచ్చినప్పుడు మీరు 'మీ ఇష్టం వచ్చినట్టు వాడండి' అన్నారు. నేను పక్కనే ఉన్నాను."

కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆమె చెప్పింది నిజమైనందుకు. ఫిల్టర్లో మసి నిండితే ఆ దీపం వెలుగుతుందని మేం అతనికి చెప్పలేదు. దాన్ని చూసి ఫోటో తీసుకున్న ఇంజనీరు చదవలేని దీపాన్ని, ఏడో తరగతి చదివిన డ్రైవర్ చదవాలట. ఆయిల్ పెరిగిందని అతను చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు కూడా. నాకు ఆయిల్ ఎంత పోశావన్న ప్రశ్నే తప్ప ఎంత ఉందన్న ప్రశ్న లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పరీక్ష పెట్టడం చేతకాక పరీక్ష రాసినవాణ్ణి ఫెయిల్ చేస్తున్నాను. ఆ కాగితాలు చించేసి ఆమెను మళ్లీ మొదటి నుంచి టైపు చేయమన్నాను. ఆ రోజు టీ ఆమే తెచ్చింది.

హెడ్డాఫీసు మీటింగులో నా సున్నాని నేనే తుడిచాను. ఆయిల్ వాడకం సున్నా కాదండీ, తిరుగు వాడకం, ఇంజన్లో మనం పోసిందాని కంటే ఎక్కువ ఉంది అన్నాను. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకాయన ఆపుకోలేక నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు, మా పై అధికారి తప్ప. డీజిల్ బండి విడుదల కొన్ని నెలలు ఆగింది. బండి నిలబడి ఉండగానే మసి కాల్చే స్విచ్చి ఒకటి పెట్టారు. ఆయిల్ పెరిగితే మోత మోగే ఏర్పాటు చేశారు. నిలబెట్టి గంటల తరబడి ఇంజన్ నడిపే పరీక్ష కొత్తగా చేరింది, దానికి కిలోమీటర్లు కాదు, గంటలు రాస్తారు. ఆ పరీక్ష ఇప్పుడు మా విజయనగరం అమ్మాయి చేతిలో ఉంది. మా పై అధికారి నాతో మళ్లీ మాట్లాడింది నా వీడ్కోలు సభలోనే, శాలువా కప్పుతూ. కాస్త బిగించే కప్పాడు.

రిపోర్టు ఆమోదమైన వారం నేను పల్లెకి వెళ్లాను. కారణం రాసిన పేజీని తెలుగులోకి నేనే మార్చి, తెల్ల కాగితం మీద రాసి పట్టుకెళ్లాను. డ్రైవర్ నన్ను చూసి లోపలికి పోబోయాడు. అప్ప రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు దగ్గరికి వచ్చారు, తాళాలు పట్టుకుపోయిన ఇద్దరూ వచ్చారు. నిలబడి చదివాను.

"ఈ ఇంజన్ చెడిపోవడానికి కారణం నడిపినవారు కాదు. వారు తమ పనికి తగినట్టే బండిని నడిపారు, ఆయిల్ పెరుగుదలను గమనించారు. ఆ పని ఎలా జరుగుతుందో అడగకుండా పరీక్ష తయారుచేసిన నాదే తప్పు."

డ్రైవర్ మెల్లగా అన్నాడు.

"ఇంకోపాలి సదువు సారూ."

చదివాను. తాళాల ఆసాములిద్దరూ దగ్గరికి జరిగారు. "మా ఇంటిది ఇనలేదు, ఉండు" అని డ్రైవర్ పరుగెత్తి భార్యని పిలుచుకొచ్చాడు. మూడోసారి చదివాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ముప్ఫై నాలుగేళ్లలో వందల రిపోర్టులు రాశాను, ఎవరూ చివరిదాకా చదివిన పాపాన పోలేదు. దీనికి మాత్రం మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు దొరికారు.

అంతలో అతని తల్లిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి, చెవులు వినపడవు.

"అమ్మకి గట్టిగా సెప్పాల సారూ" అన్నాడు.

నాలుగోసారి, ఒడ్డంతా వినపడేలా, ఆవిడ చెవి దగ్గర వంగి అరిచాను. "మీ అబ్బాయి తప్పేం లేదమ్మా. తప్పు నాది."

ముసలావిడ నన్ను కిందికీ పైకీ చూసింది. చెయ్యి చాచి నా గడ్డం పట్టుకుంది.

"పోన్లే నాయినా" అంది. "మరెప్పుడూ సెయ్యకు."